5 డాలర్ల క్రాంక్‌బెయిట్ సరిపోతుందా? తక్కువ లోతు నీళ్లలో బాస్ చేప కోసం లూర్ ఎలా కొనాలి

ఈరోజు టాపిక్ ఫోన్ కాదు, ల్యాప్‌టాప్ కాదు, జాబ్ ఇంటర్వ్యూ అసలే కాదు. ఈరోజు చేపల వేట. అది కూడా అమెరికాలో బాస్ ఫిషింగ్. ఇంకా సూటిగా చెప్పాలంటే, తక్కువ లోతులో ఈదే క్రాంక్‌బెయిట్లు తక్కువ ఖర్చులో ఎలా ఎంచుకోవాలి అన్నది.

"బ్రో, నువ్వు హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా చేపల గురించి చెప్పడం ఏంటి?" అంటారని తెలుసు. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నన్ను ఆన్‌సైట్‌కి డల్లాస్ దగ్గరికి పంపారు. అక్కడ ఉన్న మూడేళ్లలో శనివారం పొద్దున అయితే చాలు, లూయిస్‌విల్ లేక్ గట్టు మీదో, గ్రేప్‌వైన్ లేక్ గట్టు మీదో ఉండేవాణ్ని. ఇప్పుడు జాబ్ వదిలేసి వీడియోలు చేస్తున్నా. అక్కడ ఎమ్మెస్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది మన వీడియోలు చూస్తారు. వాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, ఒక్కో లూర్ 15 డాలర్లు, 20 డాలర్లు ఉంది. స్టూడెంట్ బడ్జెట్‌లో ఇది కుదిరే పనేనా?"

కుదురుతుంది. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు బేసిక్స్. బాస్ అంటే అక్కడి మంచినీటి చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉండే చేప. పెద్ద నోరు ఉండే రకాన్ని లార్జ్‌మౌత్ బాస్ అంటారు. టెక్సాస్‌లో మీకు ఎక్కువగా దొరికేది అదే. దుంగ పక్కనో, రాయి సందులోనో నక్కి ఉండి, దగ్గరికి వచ్చిన చిన్న చేప మీద ఒక్కసారిగా దూకుతుంది. మన కొరమీను వేట చూసినవాళ్లకి ఈ స్వభావం వెంటనే అర్థమవుతుంది.

క్రాంక్‌బెయిట్ అంటే చిన్న చేప ఆకారంలో చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ఉత్తుత్తి ఎర. మూతి దగ్గర చిన్న రేకులాంటి పెదవి ఉంటుంది. దాన్ని బిల్ అంటారు. నీళ్లలో వేసి రీల్ తిప్పితే, ఆ బిల్‌కి నీళ్లు తగిలి లూర్ కిందికి దిగుతుంది, అటూ ఇటూ ఊగుతుంది. తిప్పడం ఆపితే చాలా రకాలు మళ్లీ పైకి తేలతాయి. కడుపు కింద ఒకటి, తోక దగ్గర ఒకటి మూడు కొక్కేల గాలాలు ఉంటాయి. వాటిని ట్రెబుల్ హుక్స్ అంటారు.

బిల్ పొడవుగా, ముందుకి చాచినట్టు ఉంటే లూర్ లోతుకి పోతుంది. బిల్ పొట్టిగా, కిందికి వంగినట్టు ఉంటే పైపైనే ఈదుతుంది. దాదాపు ఆరడుగుల లోపల ఈదే వాటినే తక్కువ లోతు క్రాంక్‌బెయిట్లు అంటాం. పడవ లేకుండా ఒడ్డు మీద నిలబడి చేపలు పట్టేవాళ్లకి ఇవే కావాలి. ఎందుకంటే ఒడ్డు దగ్గర నీళ్లు మూడడుగులో నాలుగడుగులో ఉంటాయి. పది, పన్నెండు అడుగులు దిగే లూర్ అక్కడ వేస్తే బురద తవ్వడమే అవుతుంది.

ఇప్పుడు అసలు పాయింట్. దయచేసి ఇక్కడ స్కిప్ చేయకండి.

ఈ లూర్ పని చేసేదే తగిలినప్పుడు. దుంగకి తగలాలి, రాయికి తగలాలి, నేలకి తగలాలి. తగిలిన క్షణంలో లూర్ తన దారి తప్పి పక్కకి ఎగురుతుంది. నక్కి ఉన్న చేపకి అది భయపడి పారిపోతున్న ఎరలా కనిపిస్తుంది. చాలాసార్లు కాటు అప్పుడే పడుతుంది. ఖాళీ నీళ్లలో తిన్నగా ఈదించుకుంటూ పోతే ఎప్పుడో ఒకటి పడుతుంది, కానీ దాని అసలు బలం వాడుకోనట్టే.

మరి దుంగకి తగలాలంటే దుంగ మీదికి విసరాలి. విసిరితే ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే తెగిపోవచ్చు. ఇక్కడే ధర మన బుర్రలో ఆడుకుంటుంది. మా రూమ్మేట్ ఖమ్మం అబ్బాయి. మొదటి లూరే 16 డాలర్లు పెట్టి కొన్నాడు. మనకి అలవాటే కదా, డాలర్‌ని 80తో గుణించాడు, 1,280 రూపాయలు! ఇక ఆ లూర్‌ని దుంగలకి ఐదు గజాల దూరంలో, ఏ అడ్డూ లేని చోట విసిరేవాడు. రెండు నెలలు ఒక్క చేప లేదు. తర్వాత క్లియరెన్స్ బుట్టలో 5 డాలర్లకి ఒకటి తీసుకున్నాడు. "పోతే పోయిందిలే" అని నేరుగా దుంగల మధ్యలోకి వేశాడు. ఆ రోజు రెండు బాస్ చేపలు పడ్డాయి. లూర్ మారినందుకు కాదు, లూర్ వెళ్లే చోటు మారినందుకు.

అందుకని నా రూల్ ఇది. పోతుందన్న భయం లేకుండా మీరు విసరగలిగే ధరే మీకు సరైన ధర. ఒకరికి అది 5 డాలర్లు, ఇంకొకరికి 15. కానీ ఆ గీత దాటి కొన్న లూర్ మీ పెట్టెలో అందంగా ఉంటుంది తప్ప చేపలు పట్టదు.

ఈ తక్కువ ధర కథకి చిన్న చరిత్ర ఉంది. 1960ల చివర్లో టెనెసీ రాష్ట్రంలో ఫ్రెడ్ యంగ్ అనే ఆయన బాల్సా అనే తేలికపాటి చెక్కని చేత్తో చెక్కి, పొట్టి బిల్, లావు పొట్ట ఉన్న లూర్ చేశాడు. పేరు బిగ్ ఓ. టోర్నమెంట్లు ఆడేవాళ్లు దానికోసం ఎగబడ్డారు. చేత్తో చెక్కేది కాబట్టి అందరికీ దొరికేది కాదు. 1970లలో కాటన్ కార్డెల్ కంపెనీ దాన్నే ప్లాస్టిక్‌లో అచ్చు పోసి అమ్మింది. అప్పుడు మామూలు జనం చేతికి వచ్చింది. అంటే తక్కువ లోతు క్రాంక్‌బెయిట్ అందరిదీ అయ్యిందే చవక ప్లాస్టిక్ వల్ల. ప్లాస్టిక్ అంటే నాసిరకం అని అనుకోకండి.

ఇంకొకటి చెప్తా. బాస్ ఫిషింగ్‌లో బాస్‌మాస్టర్ క్లాసిక్ అంటే మనకి వరల్డ్ కప్ లాంటిది. కెవిన్ వాన్‌డ్యామ్ దాన్ని నాలుగుసార్లు గెలిచాడు: 2001, 2005, 2010, 2011. 2011లో న్యూ ఆర్లీన్స్ దగ్గర, మొద్దులు నిండిన తక్కువ లోతు నీళ్లలో, మూడు రోజుల్లో 69 పౌండ్ల 11 ఔన్సుల చేపలు పట్టాడు. మన లెక్కలో 31 కిలోల పైనే. ఎక్కువగా వాడింది స్క్వేర్‌బిల్, అంటే చదరపు బిల్ ఉన్న క్రాంక్‌బెయిట్. ఆయన పేరుతో స్ట్రైక్ కింగ్ కంపెనీ అమ్మే రకం అది. పేరు ఆయనది కాబట్టి అందులో ప్రచారం కూడా కలిసి ఉంది, నిజమే. కానీ ఆ లూర్ వందల డాలర్లది కాదు, మామూలు షాపులో గోడకి వేలాడేదే.

సరే, షాపులోకి వెళ్దాం. ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే ఐదు విషయాలు చూడండి.

ఒకటి, బిల్ ఆకారం. చివర గుండ్రంగా ఉందా, చదరంగా ఉందా? చదరంగా ఉంటే ఆ మూలలు దుంగకి ముందు తగిలి, లూర్‌ని పక్కకి తన్నేస్తాయి. వెనకున్న గాలాలు చెక్కలో దిగకుండా చాలావరకు తప్పించుకుంటాయి. దుంగలు, మొద్దులు ఉన్న చోటికి స్క్వేర్‌బిల్ తీసుకోండి. రాళ్లు, మట్టి నేల ఉన్న చోటికి గుండ్రటి బిల్ కూడా బాగానే పని చేస్తుంది. ఇంకో సరదా విషయం, చేత్తో చేసే కొన్ని ఖరీదైన బాల్సా లూర్లకి బిల్ దేనితో చేస్తారో తెలుసా? సర్క్యూట్ బోర్డ్ మెటీరియల్‌తో. పలుచగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. ఈసీఈ వాళ్లు గర్వపడొచ్చు!

రెండు, ఎంత లోతు దిగుతుంది. ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. మీరు వెళ్లే చోట నీళ్లు మూడడుగులు ఉంటే, నాలుగడుగులు దిగేది తీసుకోండి. ఒక అడుగు ఎక్కువ దిగేదైతేనే నేలని తాకుతూ వస్తుంది. ప్యాకెట్ మీది అంకె ఫిక్స్‌డ్ కాదు. సన్నని దారం కడితే ఇంకా లోతుకి పోతుంది, లావు దారం కడితే పైకి ఉంటుంది. రాడ్ కొన పైకెత్తి తిప్పినా పైపైనే వస్తుంది. అంటే ఒక్క లూర్‌తో రెండు మూడు లోతులు ఆడొచ్చు.

మూడు, గాలాలు. చవక లూర్లలో కంపెనీలు డబ్బు మిగుల్చుకునేది ఎక్కువగా ఇక్కడే. గాలం మొనని బొటనవేలి గోరు మీద మెల్లగా లాగి చూడండి. గోరు మీద గీసి ఆగితే పదునుంది. జారిపోతే పదును లేదు. పేరు తెలియని కంపెనీల 20 లూర్ల ప్యాకెట్ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది చూశారా, ఒక్కోటి ఒక డాలర్ కూడా పడదు. వాటిలో నేను చూసినవాటి గాలాలు కాస్త బరువున్న చేప లాగితే తెరుచుకున్నాయి. అలాంటి ప్యాకెట్ కొనే బదులు అదే డబ్బుకి మంచివి మూడు కొనండి. లూర్ ఒళ్లు బాగుండి గాలాలే మొద్దుబారితే, గాలాలు మాత్రం మార్చుకోవచ్చు. అదే సైజువి తీసుకోండి. పెద్దవి వేస్తే బరువు పెరిగి ఊగడం తగ్గుతుంది.

నాలుగు, దారం కట్టే రింగు. బిల్ దగ్గర చిన్న లోహపు కన్ను ఉంటుంది. అది సరిగ్గా మధ్యలో ఉందా, కొంచెం వంకరగా ఉందా చూడండి. వంకరగా ఉంటే లూర్ ఒక పక్కకి పోతుంది. చవకవాటిలో ఇది మామూలే, కానీ పారేయక్కర్లేదు. నీళ్లలో వేసి లాగి చూడండి. ఎటు పోతుందో దానికి ఎదురు వైపుకి ఆ కన్నుని పట్టకారుతో వెంట్రుకవాసి వంచండి. మళ్లీ వేసి చూడండి. తిన్నగా వచ్చేదాకా రెండు మూడు సార్లు చేయండి. మన భాషలో చెప్పాలంటే డీబగ్గింగ్. ఒక్కసారికి ఒక్క మార్పు, తర్వాత టెస్ట్.

ఐదు, చప్పుడు. ఊపితే లోపల గుండ్లు గలగలలాడతాయి కొన్నింటిలో. నీళ్లు బురదగా ఉంటే ఆ చప్పుడు చేపకి ఆచూకీ ఇస్తుంది. నీళ్లు తేటగా ఉండి, జనం రద్దీ ఎక్కువ ఉన్న చోట చప్పుడు లేనిది వేసి చూడండి.

"అన్నా, పేర్లు చెప్పు" అంటారు. చెప్తా. ఇది స్పాన్సర్ వీడియో కాదు, ఎవరూ నాకు పైసా ఇవ్వలేదు. మొదటిది, స్ట్రైక్ కింగ్ కేవీడీ 1.5 స్క్వేర్‌బిల్. దాదాపు మూడు నుంచి ఆరడుగుల మధ్య ఈదుతుంది. దుంగల కోసం ఇది. రెండోది, బ్యాండిట్ 100 సిరీస్. గుండ్రటి బిల్, రెండు నుంచి ఐదడుగుల లోతు. ఆనకట్ట వాలు మీద పేర్చిన రాళ్లు ఉంటాయి కదా, అక్కడ వాటిని రిప్‌రాప్ అంటారు, ఆ రాళ్ల వెంబడి వేయడానికి ఇది నాకు చాలా ఇష్టం. ఒక జాగ్రత్త, ఇదే కంపెనీ 200, 300 సిరీస్‌లు ఇంకా లోతుకి పోతాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, నంబర్ చూసి తీసుకోండి. మూడోది, రపాలా డీటీ 4. దీంట్లో అంకే లోతు, నాలుగంటే నాలుగడుగులు. బాల్సా చెక్కది, కాబట్టి కొంచెం ధర ఎక్కువ. ఇది మొదట్లోనే అక్కర్లేదు.

మొదటి రెండు రకాలు నేను అక్కడ ఉన్నప్పుడు ఒక్కోటి 5 నుంచి 8 డాలర్ల మధ్య కొనేవాణ్ని. సీజన్ అయిపోయే ముందు క్లియరెన్స్ బుట్ట మాత్రం వదలకండి. రంగు నచ్చక మిగిలిపోయినవి అక్కడ ఉంటాయి. ఆ రంగు మనుషులకి నచ్చలేదు, చేపని ఎవరూ అడగలేదు.

రంగుల విషయానికొస్తే, షాపులో వంద ఉంటాయి, మీకు మూడు చాలు. బురద నీళ్లకి చార్ట్రూస్, అంటే మెరిసే నిమ్మపచ్చ, వీపు మీద నలుపు. తేట నీళ్లకి తెల్లగా వెండిలా ఉండే షాడ్ రంగు. షాడ్ అంటే బాస్ తినే చిన్న చేప. చలికాలం చివర, వసంతం మొదట్లో ఎరుపు కలిసిన క్రాఫిష్ రంగు. క్రాఫిష్ అంటే మంచినీటి రొయ్యలాంటిది, రాళ్ల సందుల్లో ఉంటుంది. టెక్సాస్‌లో ఆ సీజన్‌లో ఎరుపు రంగుకి మంచి పేరుంది. మూడు రంగులు, మూడు లూర్లు, మొత్తం 20, 25 డాలర్లలో అయిపోతుంది.

ఎలా విసరాలి? దుంగ మీదికి కాదు, దుంగ దాటి అవతలికి. తిప్పుకుంటూ వచ్చేసరికి లూర్ కిందికి దిగి, సరిగ్గా దుంగ దగ్గరికి వచ్చేటప్పటికి దానికి తగులుతుంది. తగిలిందని చేతికి తెలియగానే ఒక్క క్షణం తిప్పడం ఆపండి. లూర్ కొంచెం పైకి తేలి, అడ్డు మీద నుంచి తప్పుకుంటుంది. మళ్లీ తిప్పండి. చాలామంది తగలగానే కంగారుపడి రాడ్ గట్టిగా లాగుతారు. అప్పుడే గాలం చెక్కలో దిగబడుతుంది. దారం 12 నుంచి 15 పౌండ్లది అయితే దుంగల దగ్గర ధైర్యంగా ఆడొచ్చు. రాడ్ మరీ బిరుసుగా ఉండకూడదు. ట్రెబుల్ హుక్స్ చిన్నవి, బిరుసు రాడ్‌తో గట్టిగా లాగితే చేప నోటి నుంచి ఊడిపోతాయి.

ఇంత చేసినా ఇరుక్కుంటుంది. అప్పుడు బలంగా లాగకండి. దారం వదులు చేసి రాడ్ కొనని ఊపండి, చాలాసార్లు తేలి వచ్చేస్తుంది. రాకపోతే ఒడ్డు వెంట నడిచి అవతలి వైపు నుంచి లాగండి. అదీ కాకపోతే రెండు ఔన్సుల సీసపు గుండు ఒకటి క్లిప్‌తో దారానికి తగిలించి కిందికి జార్చండి. అది వెళ్లి లూర్ మూతికి తగులుతుంది. కొంచెం ఊపితే ఆ బరువుకి గాలం ఊడుతుంది. కొందరు పాత స్పార్క్ ప్లగ్ వాడతారు. ఒక డాలర్ సామాను పది లూర్లని కాపాడుతుంది. తెగిన దారం మాత్రం అక్కడ వదిలేయకండి, పక్షుల కాళ్లకి చుట్టుకుంటుంది.

ఇప్పుడు సీరియస్ విషయం. మొదట కొనాల్సింది లూర్ కాదు, లైసెన్స్. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకి ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. ఆరు నెలలు అక్కడ వరుసగా ఉన్నట్టయితే రెసిడెంట్ రేటు. మంచినీటి ప్యాకేజీ నేను ఉన్నప్పుడు రెసిడెంట్‌కి 30 డాలర్లు, బయటివాళ్లకి 58. అది ఆగస్టు 31తో ముగుస్తుంది, కాబట్టి జులైలో కొంటే ఎన్ని రోజులు వస్తుందో లెక్క చూసుకోండి. డబ్బు ఇబ్బంది ఉంటే స్టేట్ పార్క్‌కి వెళ్లండి. పార్క్ లోపల ఒడ్డు మీద నుంచి పడితే లైసెన్స్ అక్కర్లేదు, గేట్ ఎంట్రీ ఫీజు ఉంటే అది కట్టాలి. లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాల కన్నా చిన్నదైతే నీళ్లలో వదిలేయాలి, రోజుకి ఐదుకి మించి ఉంచుకోకూడదు. ఇది రాష్ట్రం మొత్తానికి మామూలు రూల్. కొన్ని లేక్‌లకి వేరే రూల్స్ ఉంటాయి. వెళ్లేముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైట్‌లో మీ లేక్ పేరు కొట్టి చూడండి. వేరే రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం రూల్స్. గేమ్ వార్డెన్ వచ్చి అడిగినప్పుడు "నాకు తెలియదు సార్" అంటే కుదరదు. పరాయి దేశంలో చదువుకోవడానికి వెళ్లినవాళ్లం, ఒక ఆదివారం సరదా కోసం టికెట్ రాయించుకోవద్దు.

అలాగే ట్రెబుల్ హుక్స్‌తో చెలగాటం వద్దు. రెండు గాలాలు, ఆరు కొక్కేలు. చేప ఎగిరితే ఒకటి దాని నోట్లో, ఇంకోటి మీ వేలిలో. పొడుగు ముక్కు పట్టకారు తప్పకుండా ఉండాలి. గాలం లోపలి ముల్లుని పట్టకారుతో నొక్కేస్తే చేపకీ మీకూ తేలిగ్గా ఊడుతుంది. విసిరే ముందు వెనక ఎవరైనా ఉన్నారా అని చూడండి, ముఖ్యంగా చిన్నపిల్లలు. కళ్లజోడు పెట్టుకోండి. నీళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. రిప్‌రాప్ రాళ్లు తడిస్తే జారతాయి. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకోవడానికి సిగ్గుపడొద్దు.

ఇక్కడ మన ఊళ్లలో ఉన్న తమ్ముళ్లు అడుగుతారు, "ఇది కొరమీనుకి పని చేస్తుందా?" అని. కొరమీను ఉండేది నాచులో, గుర్రపుడెక్కలో. అక్కడ ఆరు కొక్కేలున్న క్రాంక్‌బెయిట్ వేస్తే చేప బదులు ఆకుకూర వస్తుంది. అక్కడికి కప్ప లూరే కరెక్ట్. పని చేసే చోటు చూసి పనిముట్టు కొనాలి, అంతే.

చివరిగా, షాపులో గోడ ముందు నిలబడినప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. "దీన్ని ఆ దుంగల మధ్యలోకి విసరడానికి నాకు చెయ్యి వస్తుందా?" వస్తే కొనండి. రాకపోతే కొక్కేనికి మళ్లీ తగిలించేయండి, దాని పక్కనే తక్కువ ధరది ఉంటుంది. మిగిలిన డబ్బుతో మంచి పట్టకారు, లైసెన్స్, వీలైతే ఫ్రెండ్‌కి కూడా ఒక లూర్.

వీడియో నచ్చితే లైక్ చేయండి, అక్కడ చదువుకుంటున్న మీ ఫ్రెండ్స్‌కి షేర్ చేయండి. మీరు ఏ లేక్‌కి వెళ్తారో, అక్కడ ఒడ్డు దగ్గర దుంగలున్నాయా రాళ్లున్నాయా రాయండి, ఏ బిల్ సరిపోతుందో చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, ఉంటాను.